నొప్పి తెలియని పాదాలు

మదనపల్లె దాటిన మొదటి గంటలోనే నాకు భయం పట్టుకుంది. మా ఆయన చెప్పుల్లేకుండా తిరుమలకు నడుస్తున్నాడు. ఆయనకు చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. అరికాళ్ళలో స్పర్శ పోయిందని, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పి ఏడాదైంది. చిన్న పుండు పడినా కాలికే ముప్పు అని కూడా అన్నాడు. ఆ మాట నా చెవుల్లోనే ఉండిపోయింది. ఆయన చెవి దాకా పోయినట్టు లేదు.

అంతా నా మూలంగానే. పోయినేడు కుప్పంలో నాకు కడుపు ఆపరేషన్ జరిగింది. నన్ను లోపలికి తీసుకుపోగానే ఈయన వరండాలో నిలబడి, నేను లేచి కూర్చుంటే ఒట్టి కాళ్ళతో కొండకు నడిచి వస్తానని మొక్కేసుకున్నాడు. నన్నడిగి ఉంటే వేరే ఏదైనా మొక్కుకోమనేదాన్ని. మత్తులో ఉన్న మనిషిని ఎవరు అడుగుతారు?

కురబలకోట నుంచి మేమిద్దరం బయలుదేరితే, పుంగనూరు నుంచి మా ఆయన అక్క, ఆమె వీధివాళ్ళు కొందరు మదనపల్లెలో కలిశారు. అందరివీ పసుపు బట్టలు, నోటి నిండా గోవింద నామాలు. మొక్కుల విషయంలో మా వదిన ఎంత చెబితే అంత. నేను మా ఆయన సైజు చెప్పుల జత తువ్వాలులో చుట్టి సంచి అడుగున దాచుకున్నాను. వాయల్పాడు చేరకముందే ఆయన కంటపడ్డాయి.

"ఇవి యాల తెచ్చినావు? స్వామిని మోసం సేసేదానికా?"

"ఉండనీప్పా. మోసేది నేను కదా."

ఇంటి దగ్గర ఈయన తీరు వేరు. సాయంత్రం మంద దొడ్డికి రాగానే ఒక్కొక్క గొర్రె కాలు ఎత్తి, గిట్టల సందున ముల్లుందా, రాయి ఇరుక్కుందా అని వేలు పెట్టి చూస్తాడు. కుంటుతున్న దాన్ని నడవనివ్వడు, భుజాన వేసుకుంటాడు. తన కాలు మాత్రం చూసుకోడు, నన్ను చూడనివ్వడు. అందుకని నేను కావాలనే వెనకబడి, ఆయన అడుగు పడినచోటల్లా నెత్తురు మరక ఉందేమోనని వెతుక్కుంటూ నడిచాను. నోరు గోవిందా అంటున్నా కళ్ళు మాత్రం రోడ్డు మీదే. స్వామి నన్ను క్షమించాలి.

రెండో రోజు సాయంత్రం కలికిరి దగ్గర ఒక సత్రంలో ఆగాం. కాళ్ళ నొప్పులకని వదిన ఉప్పు నీళ్ళు కాచి తొట్టిలో పోసింది. మా ఆయన రెండు కాళ్ళూ అందులో పెట్టి హాయిగా కూర్చున్నాడు.

"ఎట్లుండాయిరా నీళ్ళు?" అని అడిగింది వదిన.

"సల్లగానే ఉండాయక్కా. ఇంకొంచెం పొయ్యి."

ఆమె పొగలు కక్కే చెంబు ఎత్తింది. నాకెందుకో అనుమానమొచ్చి తొట్టిలో చెయ్యి పెట్టాను. చురుక్కుమని వెనక్కి తీసుకున్నాను. మరుక్షణం తొట్టిని తన్నేశాను. ఆయన పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆయనేమో తడిసిన పంచె చూసుకుని నా మీద విసుక్కున్నాడు. వదిన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. స్పర్శ పోయిన సంగతి తమ్ముడు ఆమెకు చెప్పనే లేదట.

మర్నాడు బస్సెక్కుదామని బతిమాలాను. వినలేదు. "నువ్వు లేసి నడస్తాండావు. అది సాలదా?" అన్నాడు. ఆ మాటకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

నాలుగో రోజు భాకరాపేట ఘాటు మొదట్లో నీడ చూసుకుని కూర్చున్నాం. పైకంతా గులకరాళ్ళు, మలుపులు. ఈసారి కాలు చూపించమని అడగలేదు. ఆయన గొర్రె కాలు పట్టుకున్నట్టే మడమ పట్టుకుని లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. మడమలో తుమ్మముల్లు విరిగి, చుట్టూ నల్లబడి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. పిన్నీసుతో తీస్తుంటే వేరెవరి కాలో చూస్తున్నట్టు చూశాడు. నెత్తురు తుడిచి గుడ్డ కట్టేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అందరూ చూస్తున్నా ఆపుకోలేదు. తర్వాత నా చెప్పులు విడిచేశాను.

"ఏం సేస్తాండావు?" అన్నాడు.

"బిడ్డకు జొరమొస్తే అమ్మ మొక్కుకుంటాది. గుండు ఎవరికి కొట్టిస్తారప్పా? బతికిన బిడ్డకే కదా. నువ్వు మొక్కుకున్నావు, బతికింది నేను. ఒట్టి కాళ్ళతో నేను నడస్తా."

ఆయన అక్క వైపు తిరిగాడు. మొక్కు మార్చకూడదని ఆమె అంటుందనే నేనూ అనుకున్నాను. వదిన నా సంచిలో చెయ్యి పెట్టి, తువ్వాలు విప్పి, ఆ జత తమ్ముడి ముందు పెట్టింది.

"ఏసుకోరా. ఆయమ్మ సెప్పింది సరే."

ఆయన వేసుకున్నాడు.

ఘాటు ఎక్కుతుంటే ప్రతి గులకరాయీ నా పాదాలకు తెలిసింది. నాలుగు మలుపులకే అరికాళ్ళు మండిపోయాయి. గట్టు మీద కూలబడగానే ఆయన వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని, నా కాలు ఎత్తి, వేళ్ళ సందుల్లో వేలు పెట్టి చూశాడు.

"నొస్తాందా?"

"నొస్తాంది," అన్నాను.

నాలుగు రోజులుగా ఆయన నోట వినాలని నేను కాచుకున్న మాట, చివరికి నా నోటే వచ్చింది.