బత్తాయి తోట కంచె మీద ఇంటర్నెట్

2022 వేసవి. అప్పటికి నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో ఫైబర్ టెక్నీషియన్‌ని. మా నాయన పలకల ఫ్యాక్టరీలో పలకలు కోసేవాడు, నేను గాజు తీగలు అతికేవాణ్ణి. ఇద్దరిదీ పగిలే సరుకే. ఆయన చేతిలో పగిలింది కంటికి కనపడేది, నా చేతిలో పగిలింది కస్టమర్ ఫోన్ చేసి తిడితేగాని తెలిసేది కాదు.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక మాట. ఫైబర్ కేబుల్లో కరెంటు పారదు, తల వెంట్రుకంత గాజు పోగులో వెలుతురు పారుతుంది. స్తంభం మీది పెట్టె నుంచి ఇంటిదాకా లాగే తీగను డ్రాప్ కేబుల్ అంటాం. ఇంటికి చేరిన వెలుతురు ఎంతో పవర్ మీటర్ చెబుతుంది. దారిలో తగ్గినదాన్ని లాస్ అంటాం. వ్యాపారం పెట్టకుండానే రోజూ లాసులు చూసే భాగ్యం మాది.

హనుమంతునిపాడు దారిలో ఒక ఊరు. ఊళ్ళో మా లైను ఉంది. ఊరు దాటితే బత్తాయి తోట, తోట దాటితే పల్లె. చిన్న చర్చి, దాని చుట్టూ కూలి పనులకు పోయేవాళ్ళ ఇళ్ళు. మా లైను తోటకు ఇవతలే ఆగిపోయింది.

ఆ పల్లె నుంచి జ్యోతి మా ఆఫీసుకు వచ్చింది. పొదిలిలో డిగ్రీ చదివిన అమ్మాయి. ఇంట్లో కూర్చుని కస్టమర్ల ఫోన్లకు జవాబిచ్చే ఉద్యోగం దొరికింది. షరతు ఒకటే: ఇంట్లో తీగ మీద వచ్చే ఇంటర్నెట్ ఉండాలి, సోమవారం పొద్దున టెస్ట్ కాల్‌లో అది చూపించాలి. లేదంటే విజయవాడ పోయి హాస్టల్లో ఉండాలి, అదీ కాదంటే ఉద్యోగం వదులుకోవాలి.

మా సూపర్‌వైజర్ ప్రసాద్ కంప్యూటర్లో మ్యాప్ తెరిచాడు. పల్లె మీద ఎర్ర చుక్క.

"ఫీజిబిలిటీ లేదమ్మా," అన్నాడు. అక్కడికి లైను వేయడం కుదరదని కంపెనీ తేల్చేసిందని ఆ మాటకు అర్థం. తోట పొడవునా స్తంభాలు లేవు.

"మీరొచ్చి చూసినారా సార్?"

"మ్యాప్‌లో ఉంది కదమ్మా."

"మ్యాపు మా పల్లెకు ఎప్పుడొచ్చింది సార్? నేనైతే చూళ్ళా."

ప్రసాద్ నవ్వాడు. "విజయవాడ పోతే ఏం నష్టం నీకు? అందరూ పోతా ఉండారు గదా."

"అందరూ పోయినారని నేనూ పోవాల్నా? ఇంటర్నెట్టు కాడికి నేను పోయేది లేదు సార్. అదే మా ఇంటికి రావాల. తీగ మా పొదుపు గ్రూపోళ్ళు కొంటారు. ఈ అన్న అతికితే చాలు."

ఈ అన్న అంటే నేను. అప్పటికే సీలింగ్ ఫ్యాను వైపు శ్రద్ధగా చూస్తున్నాను.

"ఆదివారం నీ సెలవు, నీ ఇష్టం," అన్నాడు ప్రసాద్ నాతో. "లైటు వస్తే కనెక్షన్ ఇద్దాం. రాకుంటే ఆఫీసు పేరు ఎత్తొద్దు."

నేను ధైర్యవంతుణ్ణి కాను. కాదనడానికి కూడా కొంత ధైర్యం కావాలి. అది లేక సరే అన్నాను.

స్తంభాలు లేవు గాని తోట చుట్టూ కంచె ఉంది. మా వైపు కంచెలకు కర్రలు పాతరు, రాతి కూసాలు పాతుతారు. కూసం వెంబడి కూసం కడుతూ పోతే తీగ పల్లెకు చేరుతుంది. తోట రంగయ్య సెట్టిది. ఊళ్ళో ఆయనకు ఎరువుల దుకాణం. జ్యోతి వాళ్ళమ్మ సువార్తమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయింది.

"కూలికి పోయేటోళ్ళకు ఇంటర్నెట్టు ఎందుకు సువార్తా?" అన్నాడాయన.

"దుకాణంలో కూకునేటోళ్ళకు ఎందుకో మాకూ అందుకే రంగన్నా," అందామె.

ఆయన నా వైపు తిరిగాడు. "కరెంటు కొట్టి నా బర్రె చస్తే ఎవురిది పూచీ?"

"కరెంటు ఉండదు మామా. లోపల పారేది వెలుతురు."

"వెలుతురైతే నాకు కనపడదేంది?"

"నాకూ కనపడదు మామా. కనపడినట్టు నటించేదానికే జీతమిస్తారు."

ముసలాయన నవ్వి, చెట్ల కొమ్మలు మాత్రం విరగ్గొట్టొద్దన్నాడు.

ఆదివారం ఆరాధన ముగియగానే ఆడవాళ్ళంతా తెల్ల చీరల్లోనే తోట దగ్గరికి వచ్చారు. కూసాలకు తీగ కట్టే పని వాళ్ళకు అప్పగించి, ఊళ్ళో పెట్టె దగ్గర అతికే పని నేను చూసుకున్నాను. సాయంత్రానికి తీగ జ్యోతి ఇంట్లోకి చేరింది. మోడెం పెట్టాను. ఎర్ర దీపం. మీటర్ పెట్టాను. వెలుతురు లేదు. నా అతుకే తప్పని మళ్ళీ ఊళ్ళోకి పోయి, కోసి, మళ్ళీ అతికి వచ్చాను. ఎర్ర దీపం అట్లాగే ఉంది. ప్రసాద్‌కు ఫోన్ చేశాను.

"చెప్పినా గదా. చుట్టేసి వచ్చెయ్," అన్నాడు.

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టు నాకు అప్పుడు తెలిసింది. జ్యోతి లేచింది. "పెట్టె కాడ వెలుతురు ఉందా అన్నా?"

"ఉంది."

"ఈడ లేదు. అంటే నడిమధ్య యాడనో ఆగింది. పా, ఎదురుపోయి తెచ్చుకుందాం."

కంచె వెంబడి నడిచాం. మొదటి కూసం దగ్గరే ఆగిపోయాను. తీగను కూసానికి బిగించి, మెలేసి, ముడి మీద ముడి వేశారు. రెండో కూసానికీ అంతే. చివరిదాకా అంతే.

"ఎవరు కట్టినారు?"

"నేనే అబ్బయా," అంది సువార్తమ్మ గర్వంగా. "బర్రెను కట్టే ముడి. గాలొచ్చినా వానొచ్చినా ఊడదు."

"ఊడదు గాని అత్తా, లోపల ఉండేది గాజు. మెడ ఇట్ల పిసికితే వెలుతురు ఊపిరాడక ఆడనే ఆగిపోతది. వదులుగా, పెద్ద వంపు మీద పోవాల."

"ముందు చెప్పొద్దా మరి? కట్టమంటివి, కడితిమి. నువ్వు కోరింది చిక్కుడు తీగను పేలికతో పందిరికి వదులుగా కట్టే ముడి గదా?"

నిజమే. అదీ తీగే, ఇదీ తీగే. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ పోలిక నాకు తట్టలేదు. ఇళ్ళలోంచి పాత చీరల పేలికలు వచ్చాయి. ఒక్కో ముడీ విప్పి, ఒక్కో కూసానికీ పేలికతో వదులుగా కట్టుకుంటూ వచ్చారు. నలిగిన చోట్ల నేను కోసి అతికాను. పొద్దు గూకుతుండగా మోడెం మీద పచ్చ దీపం వెలిగింది. సువార్తమ్మ మోడెం ముందు వంగి చూసి, "ఇంతేనా," అంది.

సోమవారం టెస్ట్ కాల్‌లో జ్యోతి నెగ్గింది. ఆ వారంలోనే ప్రసాద్ పల్లెకు వచ్చాడు. కంచె పొడవునా రంగురంగుల పేలికలు చూసి తల పట్టుకున్నాడు. "ఇది కంపెనీ లైనేనా? పైవాళ్ళు చూస్తే నా ఉద్యోగం పోతది. విప్పెయ్యాల."

"విప్పుకో నాయనా," అంది సువార్తమ్మ, కూసానికి ఆనుకుని. మిగతా ఆడవాళ్ళూ కూసానికొకరు ఆనుకున్నారు. "కట్టేది మేం కట్టినాం. విప్పేదానికి మీ మ్యాపును పిలిపించు."

ప్రసాద్ పేలికల వైపు, వాళ్ళ వైపు చూసి, మంచినీళ్ళు అడిగాడు. అతను పోయేటప్పుడు పల్లెలో సగం ఇళ్ళవాళ్ళు కనెక్షన్ కావాలని పేర్లు ఇచ్చారు. అంతమంది అడిగేసరికి మ్యాప్‌లో ఎర్ర చుక్క పచ్చబడింది, కొన్ని నెలలకు స్తంభాలూ పడ్డాయి.

కొత్త లైను వచ్చాక పాతది తీసేయమని నన్ను పంపారు. జ్యోతి చెవిలో హెడ్‌ఫోన్ తీయకుండానే వాకిట్లోకి వచ్చి అడ్డం నిలబడింది. "కొత్తది మీది అన్నా, ఇది మాది. చెయ్యి పెట్టొద్దు."

మరుసటి ఏడు వానాకాలంలో గాలికి రెండు స్తంభాలు ఒరిగి కొత్త లైను తెగింది. పల్లెవాళ్ళ ఫోన్లన్నీ నాకే వస్తున్నాయి. నేను ముందు పోయింది జ్యోతి ఇంటికి. మోడెం నుంచి కొత్త తీగ తీసి, కంచె మీది పాత తీగ పెట్టాను. పేలికలు తడిసి రంగులు కారుతున్నాయి, వెలుతురు మాత్రం కారలేదు. ఆమె డ్యూటీ ఆగలేదు.

ఆ తర్వాత 'కుదరదు' అనే మాటను నేను ఆ చోటికి నడిచి చూడకుండా అనలేదు. నా పనిముట్ల సంచిలో చీర పేలికలు చేరాయి. దర్శి దగ్గర ఒక పనిలో ప్రసాదే గొంతు తగ్గించి, "ఒకటి ఇటియ్యి," అన్నాడు.

ఆఫీసు మ్యాప్‌లో ఆ కంచె లైను ఇప్పటికీ లేదు. ఎక్కించమని ఒకసారి నన్ను అడిగారు. మర్చిపోయానన్నాను. ఇంకా మర్చిపోతూనే ఉన్నాను.