తాళి వద్దన్న మా పోశమ్మత్త

నా చిన్నతనంల... ఇబ్రహీంపట్నం చెరువు కింద మా బెస్తోళ్ళ వాడ. ఒకనాడు పొద్దుగాల్నే మా వాడల మల్లయ్య తల్లి పూలు, పండ్లు పట్టుకొని మా ఇంటికొచ్చింది. మా పోశమ్మత్తను, అంటే మా బాపు చెల్లెను, కోడలిగ అడగనీకి.

మల్లయ్య వల ఇసిరితే చూడాలె... నీళ్ళ మీద గుండ్రంగ పరుచుకునేది. అత్త గంప నెత్తికెత్తుకోవుడు మర్చిపోయి చూసేది. గాయనంటే ఎంత పానమో, ఏడేండ్ల పిల్లను నాకే సమజయ్యేది.

అయినా బయటికొచ్చి "నాకీ పెండ్లొద్దు" అన్నది. గంతే! ఆ తల్లి మొఖం చిన్నగ జేసుకొని పోయింది.

మా ఇంటికో శాపం ఉండె. ఎన్కట మా తాత తండ్రి, వల దొంగిలిచ్చిండని ఒక కొత్త పెండ్లికొడుకును చెరువుల ముంచి సంపిండట. ఆయన పెండ్లాం మా వాకిట్ల దుమ్మెత్తిపోసి, "మీ ఆడపిల్లల తాళి ఏడాది నిలువద్దు" అన్నదట. మా తాత చెల్లె మొగడు పాము కరిచి పోయిండు. పెద్దత్త మొగడు జ్వరమొచ్చి పోయిండు. ఇద్దరియీ ఏడాది తిరగని పెండ్లిండ్లే...

అత్త గట్ల వద్దన్నప్పుడు రజాకార్ల దినాలు. నిజాం మీద కొట్లాడే సంగపోళ్ళకు సద్ది మోసిండని మల్లయ్యను లారీల ఎక్కించుకపోయిండ్రు. నెలలు గడిచినయి. కాల్చి సంపిండ్రని మాటొచ్చింది. తల్లి ఏడ్చి ఏడ్చి, దినాలు జేస్తందుకు కొత్త కుండలు తెచ్చుకున్నది.

అత్త ఉరుకుడే ఉరుకుడు... కొంగు వట్టుకొని నేనెంట.

"దినాలు జెయ్యకు అవ్వా. గాయన బతికే ఉన్నడు."

"నీకెట్ల ఎరుక బిడ్డా?"

"నా మెడల గాయన తాళి లేదు. ఎట్ల పోతడే?"

గప్పుడు తెలిసింది ఆ ముసలామెకు, పెండ్లి ఎందుకొద్దన్నదో. అత్తను కావలిచ్చుకొని ఏడ్చింది. కుండలు బోర్లిచ్చి పెట్టింది.

పోలీస్ యాక్షనైనంక మల్లయ్య వచ్చిండు! జైలు నుంచి... బొక్కలు తేలి, ఒక కాలు ఈడ్చుకుంట. తల్లి అన్నీ చెప్పినట్టుంది, తెల్లారే మా వాకిట్లకొచ్చిండు.

"శాపం లేదు గీపం లేదు. పెండ్లి జేసుకుందాం పోశమ్మా."

అత్త చేపలు తోముడు ఆపలే. తలెత్తలే.

"జైలే నిన్ను సంపలే... నేను సంపాల్నా?"

రెండేండ్లు అడిగిండు. ఆఖరికి అత్తనే వేరే పిల్లను చూసి గాయనకు పెండ్లి జేపిచ్చింది. వాళ్ళకు నలుగురు పిల్లలు. ఆ నలుగురికీ లాలపోసింది మా అత్తనే. మల్లయ్య మనుమల పెండ్లిండ్లు చూసి, నిండు ముసలితనంల పోయిండు.

అత్త చివరి రోజులల్ల అడిగిన... "అత్తా, గా శాపం నిజమేనా?"

"ఏమో బిడ్డా... గాయన పానం పెట్టి పరీక్ష జేసి సూడనీకి నాకు ధైర్యం రాలే."

నేను చెప్తుంటే నా మనుమరాలు ఫోన్ల రాస్తున్నది. "శాపాలుంటయా నానమ్మా, ఉత్తగ జీవితం పాడుజేసుకున్నది" అంటది. ఇప్పటి పిల్లలు ఇష్టమైతే చెప్పుకుంటరు, చేసుకుంటరు... మంచిదే. కానీ వద్దనుడుల గూడ గంత ఇష్టం ఉంటదని, చూసినోళ్ళకే ఎరుక.

మీ ఇండ్లల్ల గూడ గిట్లాంటి అత్తలు ఎవరన్న ఉండెనా? ఉంటే పేరన్న రాయిండ్రి... గంత భారం మోసినోళ్ళను ఎవ్వరూ తల్సుకోకుంట పోవద్దు.