ఎస్పోసితో వారి సంబంధం

2023 వేసవి. ఫిలింనగర్‌లో నేను మ్యారేజ్ బ్యూరో పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. బయోడేటా చేతికి రాగానే మేం ముందు చూసేది ఇంటిపేరు. రెండువైపులా అదే ఉంటే అన్నాచెల్లెళ్ల వరుస. ఇక మాటల్లేవు.

ప్రవీణ్, స్టెల్లా కలిసే వచ్చారు. ఇద్దరూ ఇక్కడే ఒక డబ్బింగ్ థియేటర్‌లో పనిచేస్తారు. ఒకరినొకరు ఇష్టపడ్డారు గానీ ఇద్దరి ఇంటిపేరూ ఎస్పోసితో! తెలుగు కేథలిక్కులకు ఈ ఇటలీ పేరేమిటని నవ్వొచ్చింది. వాళ్ల మొహాలు చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది.

"చెల్లెల్ని చేసుకుంటావా అంటున్నారు ఆంటీ మా డాడీ" అన్నాడు ప్రవీణ్.

ఆ డాడీ, ఆంథోనీ గారు, సినిమాలకు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసి రిటైరైన మనిషి. జూబ్లీహిల్స్‌లో వాళ్లింటికి వెళ్తే కాఫీ కంటే ముందు వంశచరిత్ర వచ్చింది.

"మా తాత ఇటలీ దొరండీ. వంతెనలు కట్టడానికొచ్చి కోస్తాలో ఉండిపోయారు. మా నాన్న చెప్పేవారు. ఈ పేరున్న వాళ్లంతా ఆయన పిల్లలే. ఆ పిల్లదీ మా రక్తమే కదా, ఎలా చేస్తామండీ?"

ఆయన గొప్పే ఆయన కొడుకు పెళ్లికి అడ్డం పడింది.

స్టెల్లా తల్లి మేరమ్మ యూసుఫ్‌గూడలో సినిమా కాస్ట్యూమ్స్ కుడుతుంది. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. భర్త లేడు. "మా మామ, గదే స్టెల్లా తాత, కోస్తాల అనాథాశ్రమంల పెరిగిండు మేడం. గంతకు మించి నాకేం తెల్వది. మీరే జర చూడుండ్రి" అంది.

మా పనిలో వెరిఫికేషన్ అంటే అబ్బాయి ఉద్యోగం, జీతం నిజమో కాదో ఆరా తీయడం. ఈసారి ఇంటిపేరునే ఆరా తీశాను. ఎస్పోసితో అన్నది ఇటలీలో నేపుల్స్ వైపు పేరు. పూర్వం చర్చి గుమ్మంలో వదిలేసిన పసిబిడ్డలకు పెట్టేవారట. అందుకే అక్కడ ఎక్కడ చూసినా ఆ పేరే, ఒకరికొకరు ఏమీ కారు. మేరమ్మ ఇంట్లోని పాత కాగితాల్లో ఆశ్రమం ఉన్న ఊరి పేరు పట్టుకుని, పిల్లలిద్దరి చేతా దరఖాస్తు రాయించి, అక్కడికి పోయి బాప్టిజం రిజిస్టర్ నకలు తెచ్చాను. నేపుల్స్ నుంచి వచ్చిన ఫాదర్ ఒకాయన, చేరిన ప్రతి పిల్లాడికీ అదే ఇంటిపేరు రాశాడు. ఒక్క పేజీలోనే ఏడుగురు! స్టెల్లా తాత, తుఫానులో తల్లిదండ్రులు పోతే మేనత్త తెచ్చి అప్పగించిన నేతగాళ్ల పిల్లాడు. ఆంథోనీ గారి నాన్న రైల్వే ప్లాట్‌ఫామ్ మీద దొరికిన నెలల బిడ్డ. ఇద్దరి పేర్ల పక్కనా తర్వాతి కాలంలో జరిగిన పెళ్లి వివరాలు, భార్యల పేర్లతో సహా రాసి ఉన్నాయి. పొరపాటుకు తావు లేదు.

ఎగిరి గంతేయాల్సింది పోయి భయం వేసింది. కొడుకు పెళ్లి జరగాలంటే ఈయన దొర తాతను వదులుకోవాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన్నొక్కరినే కూర్చోబెట్టి కాగితం చేతికిచ్చాను.

"పిల్లలకు కూడా చూపించలేదండీ. మీరు వద్దంటే చూపించను."

రెండుసార్లు చదివారు. "ప్లాట్‌ఫామ్ మీదా?" అన్నారు. కళ్లజోడు తీసి, "ఎంత బాధ దాచుకున్నాడో మా నాన్న" అని ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు.

వారం దాకా ఫోన్ లేదు. తర్వాత చేసి, "సరే, కానివ్వండి" అన్నారు. అంతే.

కేథలిక్కుల్లో పెళ్లికి ముందు చాటింపు ఉంటుంది. ఆదివారం చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. ఫాదర్ గారు పేర్లు చదవగానే గుసగుసలు మొదలయ్యాయి. "ఒకే ఇంటిపేరేంటి?" అన్నారెవరో పైకే. ముందు వరసలో ఆంథోనీ గారు లేచారు.

"మా నాన్న రైల్వే ప్లాట్‌ఫామ్ మీద దొరికిన బిడ్డండీ. ఈ అమ్మాయి తాత తుఫానుకు అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ ఒక ఫాదర్ గారు అన్నం పెట్టి, ఈ పేరు పెట్టారు. మా రెండిళ్లకూ ఇన్నాళ్లూ చుట్టరికం లేదు. ఇప్పుడు కలుపుకుంటున్నాం."

మేరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నిజం కనుక్కుంటే మా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ నిజం ఎవరిదో వాళ్ల చేతిలో పెట్టి, వాళ్లు చెప్పేదాకా నోరు మూసుకోవడం కూడా పనేనని ఆ రోజు తెలిసింది. నేనైతే ఆ మాట ఆంథోనీ గారంత బాగా చెప్పగలిగేదాన్ని కాదు.