మూడసర్లోవ గట్టు మీద లెక్క

పిల్లల మీద ఒట్టు వేయకూడదంటారు. తెలుసు. అయినా వేస్తున్నాను. మా పైడి మీద ఒట్టు… ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నేను కల్పించిన ముక్క ఒక్కటీ లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి. మా బావ మాత్రం ఇవాళ్టికీ నవ్వడు. ఆ రాత్రి ఆ గొంతు నాతో పాటు అతనూ విన్నాడు.

అప్పట్లో నేను విశాఖపట్నం పోర్టులో టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం. ఓడ పక్క ఒకడు, ఒడ్డు పక్క ఒకడు… ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాలి. ఆఖర్న ఒడ్డు పక్కవాడు తన అంకె గట్టిగా చెప్పి "సరేనా" అంటాడు. ఓడ పక్కవాడికీ అదే అంకె వస్తే "సరి" అంటాడు. అప్పుడే ఇద్దరూ సంతకాలు పెడతారు. ఒక్కడి లెక్క లెక్క కాదు. మా పనిలో మొదటి పాఠం ఇదే.

నాకు ఇంకో అలవాటుండేది. మాది విజయనగరం అవతల పల్లె. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు… అలా. పోర్టులో బస్తాల్నీ నేను అలాగే లెక్కపెట్టేవాణ్ణి. తోటి క్లర్కులు ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏం… అన్నేళ్ల సర్వీసులో ఒక్క బస్తా తేడా రాలేదు నాకు. ఆ పొగరు బాగానే ఉండేది. ఒప్పుకుంటాను.

ఎనభై రెండో, మూడో… కార్తీకమాసం, ఆదివారం. మా వీధివాళ్లమంతా లారీ మాట్లాడుకుని మూడసర్లోవ తోటకి వనభోజనాలకి వెళ్లాం. తెల్లదొరల కాలం నాటి తోట అది. వెనక కొండలు, ముందు పెద్ద చెరువు, గట్టు కింద వరసగా కత్తిరించిన పొదలు, గులాబి మళ్లు, ఇనప బల్లలు, ఉసిరిచెట్లు. పొద్దున్న బయల్దేరేటప్పుడు లారీ వెనక తొట్టిలో ఎక్కినవాళ్లని నేనే లెక్కపెట్టాను. పిల్లలు ఒక చోట నిలవరు కదా.

"కదలకండర్రా. కదిల్తే లెక్క తప్పిపోద్ది" అని కసిరాను.

లాభం, రెండు, మూడు… నాతో కలిపి ముప్పై నాలుగు. ముందు డ్రైవరు పక్కన కూర్చున్న మా ఆవిడా, చంటాడూ ఈ లెక్కలో లేరు.

సాయంత్రం తిరుగుప్రయాణంలో నేను గంగాళాలూ, గరిటెలూ లారీకి ఎక్కించే పనిలో పడ్డాను. జనం లెక్క మా బావకి అప్పగించాను. బావంటే మా అక్క మొగుడు. ఆటోనగర్లో లేతు పని. పట్నంలోనే పుట్టి పెరిగాడు, కళ్లం మొహం ఎరగడు.

"ముప్పై నాలుగు బామ్మర్దీ. అందరూ ఉన్నారు, పోనిమ్మను" అన్నాడు.

నేను మళ్లీ లెక్కపెట్టలేదు. ఒక్కడి లెక్క లెక్క కాదని తెలిసినవాణ్ణి… అలిసిపోయి ఊరుకున్నాను.

హనుమంతవాక దగ్గర టీకి ఆగాం. అప్పటికే చీకటి పడింది. చంటాణ్ణి ఒళ్లో పెట్టుకుని ముందు డ్రైవరు పక్కన కూర్చున్న మా ఆవిడ కిందికి దిగింది.

"పైడినిలా పంపండి. ఎనకాల సలేస్తాది దానికి" అంది.

పైడి మా పెద్దపిల్ల. ఆరేళ్లు. పిలిచాను… పలకలేదు. పడుకుందేమో అనుకున్నాను. దుప్పట్లు ఎత్తి చూశాను. జంపఖానాలు ఎత్తి చూశాను. లేదు.

"మీకాడుందనుకున్నాను" అంది మా ఆవిడ.

నేను లెక్కపెట్టాను. ముప్పై మూడు.

"మరి నాను ముప్పై నాలుగు లెక్కెట్టేనే" అన్నాడు బావ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా లెక్కెట్టేవు బావా? సెప్పు."

"నువ్వెట్టినట్టే. లాభం అనీసి లారీకి దణ్ణం ఎట్టుకున్నాను. అక్కణ్ణుంచి మనుసుల్ని రెండు, మూడు…"

లాభం అంటే మొదటి మనిషి అని అతనికి తెలీదు. శుభం కోసం ముందు అనే మాట అనుకున్నాడు. పొద్దున్న నా నోట విన్నది విన్నట్టు అన్నాడు. తొట్టిలో మొదటి మనిషిని రెండు అన్నాడు. అలా లేని మనిషికి ఒక లెక్క పడింది. ఆ లేని మనిషి నా కూతురు.

తిట్టలేదు. ఎవర్ని తిడతాను? రెండోసారి లెక్కపెట్టాల్సింది నేను. లారీ వెనక్కి తిప్పించాను. చెరువు… పిల్ల… దారంతా బుర్రలో ఈ రెండు మాటలే. దానికి ఈత రాదు.

తోట గేటుకి తాళం పడింది. ముసలి కాపలాదారు లాంతరుతో వచ్చాడు. సంగతి విని గబగబా తాళం తీశాడు.

"తోటంతా తిరిగి సూసే తాళం ఏసేను బాబూ… ఈ లాంతరు అట్టికెల్లండి. నాను గేటుకాడే ఉంటాను" అన్నాడు.

నేనూ, బావా లోపలికి వెళ్లాం. లాంతరు వెలుగు నాలుగడుగులు దాటడం లేదు. పొద్దున్న పిల్లలు దాగుడుమూతలాడిన పొదలు ఇప్పుడు ఎవరో వంగి కూర్చున్నట్టున్నాయి. కాళ్లకింద ఎండుటాకులు కరకర. గట్టు రాళ్లకి నీళ్లు కొట్టుకుంటున్నాయి. తపక్… తపక్…

"పైడీ…" అని కేక వేశాను.

కప్పలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అప్పుడు వినపడింది.

"లాభం…"

గట్టు ఆ చివర్నుంచి. మగ గొంతు. ముసలిది, బొంగురుది. అరిచినట్టు లేదు. కుంచం నింపి, గోనెలో పోస్తూ తనలో తను అనుకునే తీరు. నిదానంగా…

నేను నిలబడిపోయాను. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

"ఎవుడో లెక్కెడతన్నాడు" అన్నాడు గుసగుసగా.

రెండు అంటాడని చూశాను. ఊపిరి బిగబట్టి చూశాను. ఒక బస్తా భుజం మీంచి కిందికి దిగేంత సేపు గడిచింది…

"లాభం…"

మళ్లీ అదే. రెండు లేదు. ఇంకొంచెం సేపటికి… మూడోసారీ అదే మాట.

"ఎల్లిపోదాం రా. అది మనిసి గొంతు కాదు" అంటున్నాడు బావ.

అబద్ధం ఎందుకు… నాకూ పారిపోదామనే అనిపించింది. కానీ బస్తాలు లెక్కపెట్టిన బుర్ర కదా. భయంలోనూ దాని పని అది చేసింది. రెండు అనడం లేదంటే, రెండోది లేదు. అక్కడ ఉన్నది ఒక్కటే.

"ఒక్కర్తే ఉంది బావా" అన్నాను. "అక్కడ ఒక్కర్తే ఉంది."

ఆ గొంతు వచ్చిన వైపుకే పరుగెత్తాను. తిడుతూనో, దేవుణ్ణి తల్చుకుంటూనో బావ కూడా నా వెనకే వచ్చాడు.

గట్టు చివర నీళ్లలోకి దిగే రాతిమెట్లున్నాయి. అట్టడుగు మెట్టుకి పైమెట్టు మీద కూర్చుని ఉంది మా పైడి. కాళ్లకి జానెడు దూరంలో నీళ్లు. ఒళ్లో ఉసిరికాయలు. ఏడవడం లేదు.

లాంతరు బావకిచ్చి ఎత్తుకున్నాను. ఒళ్లు వెచ్చగా తగిలింది. అప్పుడు లేచొచ్చింది నా ప్రాణం.

"ఉసిరికాయలేరుకుని పొద ఎనకాల తొంగున్నాను నాన్నా. లేసేసరికి సీకటి" అంది.

"మెట్లెందుకు దిగేవమ్మా?"

"దారనుకున్నాను. తాత ఆగమన్నాడు. కూకోమన్నాడు. కదిల్తే లెక్క తప్పిపోద్దన్నాడు."

"ఏ తాత?"

వేలు పెట్టి చూపించింది… నీళ్లవైపు. బావ లాంతరెత్తాడు. నీళ్లే. ఇంకేమీ లేదు.

ఇక్కడ మీరు నన్ను ఆపుతారు. ఆ మాట పొద్దున్న నువ్వన్నదేగా, పిల్ల దాన్నే తల్చుకుని ఉంటుంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను… కాసేపు.

పైడిని భుజాల మీద ఎక్కించుకుని గేటు దాటాను. ఊరేగింపులో దేవుణ్ణి మోసినట్టు మోశాను. డ్రైవరు ఆపకుండా హారన్ కొట్టాడు. ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. మా ఆవిడ దాన్ని లాక్కుని రెండు దెబ్బలు వేసి, ఊపిరాడకుండా ముద్దులు పెట్టింది. బావ లారీ చక్రం పక్కన కూలబడి బావురుమన్నాడు. నేను మాత్రం ఏడవలేదు. ఛాతీ పొంగిపోయింది నాకు. ఓడలకి ఓడలు దింపించినవాణ్ణి, ఏ రోజూ అంత గెలిచినట్టు లేదు. దొరికిందర్రా, నా కూతురు దొరికింది అని పేరంటానికి పిలిచినట్టు ఒక్కొక్కరికీ చెప్పాను, అందరూ చూస్తూనే ఉన్నా.

కాపలాదారు గేటుకి మళ్లీ తాళం వేసి వచ్చి, మా కోసం లాంతరు పైకెత్తి పట్టుకున్నాడు. అందర్నీ లారీ ఎక్కించి, ఇంజను ఆపించాను. ఈసారి నేనే లెక్కపెట్టాను. ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి మరీ. మొదటి చెయ్యి పైడి తల మీద.

"లాభం" అన్నాను.

రెండు… మూడు… పిల్లలు ఒక్కరూ కదలలేదు. బావ తల మీద చెయ్యి వేస్తే అతను కళ్లు మూసుకున్నాడు. ఆఖర్న నన్ను నేను కలుపుకున్నాను.

"ముప్పై నాలుగు" అన్నాను గట్టిగా. అలవాటు కదా… నోరు ఆగలేదు. "సరేనా?"

లాంతరు వత్తి చిటపటలాడింది.

తాళం వేసిన గేటు అవతల్నుంచి… చెరువు వైపు నుంచి… ఆ బొంగురు గొంతే…

"సరి."

మావాళ్లు ముప్పై నాలుగుమందీ తొట్టిలో ఉన్నారు, మా ఆవిడా చంటాడూ ముందు డ్రైవరు పక్కన ఉన్నారు. కాపలాదారు మా పక్కనే ఉన్నాడు. కొండకి మాట తగిలి తిరిగొచ్చిందన్నాడు డ్రైవరు. అలాగైతే సరేనా అనే రావాలి కదా… సరి అని నేను అనలేదే. దొంగతనంగా చేపలు పట్టేవాడెవడో అయ్యుంటాడన్నాడు కాపలాదారు. అన్నాడు గానీ, మా లారీ కదిలేదాకా గేటు వైపు తిరగలేదు.

పైడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. తాత మొహం గుర్తులేదంటుంది, గొంతు మాత్రం గుర్తుందంటుంది. మా బావ పెళ్లిళ్లకి వెళ్లినా పిల్లల్ని రెండుసార్లు లెక్కపెడతాడు, మొదటి పిల్లని లాభం అని.

దెయ్యమో, దేవుడో, ఒకప్పటి తోటమాలో, నా భయమో… అదేమిటో నాకు తెలీదు. రిటైరయ్యేదాకా ఎన్నో కాగితాల మీద ఒడ్డు పక్క సంతకం నాది. అవతల ఎవరున్నారో చూసుకునే పెట్టాను. ఆ ఒక్క రాత్రి లెక్కకే అవతల ఎవరున్నారో తెలీలేదు. కానీ లెక్క సరిపోయింది. నా కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నాను.