మూడుసార్లు కొలిచిన నీళ్ళు

జూన్ నెల మూడో బుధవారం, పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మురుగు ప్లాంటులో గాలితొట్టి మీద తెల్ల నురగ చూశాను. మొదలు అదే. ఆరు గంటలకే మొదలయిందని అనవచ్చు, ఎందుకంటే బయటికి నీళ్ళు వదిలే పంపు ఆరింటికి నా చేత్తోనే వేశాను. కానీ ఆరింటికి నాకు తెలియదు. ఆరు ఇరవైకి తెలుసు. ఆ తేడా ముఖ్యం.

అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. భద్రాచలం పోయే తారురోడ్డు వదిలి అడవిలోకి ఏడు కిలోమీటర్లు పోతే ఆడపిల్లల హాస్టలు బడి ఒకటి ఉంది. ఆరు వందల నలభై మంది పిల్లలు. వాళ్ళ స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, పాయిఖానా నీళ్ళు అన్నీ కలిసి వచ్చే మురుగును శుభ్రం చేసే ప్లాంటుకు నేను ఆపరేటరును. జాలీలో చిక్కిన జుట్టూ గుడ్డలూ తీయడం, పంపులు వేయడం, ఆపడం, కొలవడం, రాయడం నా పని. ప్లాంటు పక్కనే ఒక గది ఇచ్చారు. రెండో శనివారాలు బస్సెక్కి ఖానాపురం హవేలిలోని ఇంటికి వచ్చేదాన్ని. వచ్చి నిద్రపోయేదాన్ని. ఇంకేమీ చేసిన గుర్తు లేదు.

మురుగును శుభ్రం చేసేది నిజానికి మిషన్లు కావు. తొట్టిలో కంటికి ఆనని పురుగులుంటాయి. మిషన్లు వాటికి గాలి మాత్రమే అందిస్తాయి. పురుగులు మురికిని తిని, ముద్దలు కట్టి, గోధుమరంగు బురదగా అడుగుకు దిగుతాయి. పైన తేట నీరు మిగులుతుంది. అవి బాగున్నాయా లేదా అని రోజూ కొలిచేదాన్ని. గీతలున్న లీటరు గాజుపాత్రలో తొట్టి నీళ్ళు పట్టి, అరగంట కదపకుండా ఉంచి, బురద ఏ గీత దగ్గర ఆగిందో చూడాలి. మూడు వందల దగ్గర ఆగితే బాగున్నట్టు. పదకొండేళ్ళలో ఒక్క పొద్దు కూడా ఆ అంకె రాయకుండా రిజిస్టరు మూయలేదు.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలుండరు. సిబ్బంది వాడిన కాసిని నీళ్ళు తప్ప మురుగు రాదు. పురుగులు ఆకలికి చస్తాయి. అందుకని సెలవులు నలభై ఏడు రోజులూ వాటిని నేనే మేపాను. రోజుకు రెండు గంపల పేడ, కిలోన్నర బెల్లం నీళ్ళలో కలిపి పోశాను. పేడ తెచ్చేది కంచె అవతల గూడెం నుంచి ఒక ఆమె. నా ఈడుదే, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ. గాజుపాత్ర పట్టుకుని తిరుగుతానని నన్ను గలాసక్కా అనేది. గంప దించి, గది ముందు బెంచీ మీద కూర్చుని, నేను బెల్లం కరిగిస్తుంటే చూసేది.

"మేం రెండు కిలోలు కొంటే గుడుంబకా అని అడుగుతరు పోలీసోళ్ళు. నీ మురికిగుంట మాత్రం మూటలకు మూటలు తాగుతది. దాన్నెవ్వడు అడగడు."

"అడిగితే రిజిస్టరు చూపిస్తనక్కా."

"చూపించు. నీ పురుగులు నా మనవరాలి కంటె మంచిగ తింటున్నయని గూడ రాయి."

ప్లాంటు నీళ్ళు గొట్టం గుండా వాగులో పడేవి. ఏప్రిల్ దాటితే ఆ వాగులో వేరే నీళ్ళుండవు. గొట్టానికి రెండు వందల అడుగుల దిగువన, తడి ఇసుకలో, గూడెం ఆడవాళ్ళు చెలమలు తోడుకునేవారు. చేత్తో గుంట తీస్తే ఇసుకలోంచి నీళ్ళు ఊరతాయి, చిప్పతో బిందెలోకి ముంచుకుంటారు. తాగడానికి అవే. రోడ్డు దగ్గర బోరింగు ఉంది, కానీ దాని నీళ్ళు తుప్పు వాసన. చెలమల్లోని నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు. వాళ్ళకు తెలుసో లేదో అడగలేదు. నా అంకెలు బాగున్నంత కాలం అడగనవసరం లేదనుకున్నాను.

సెలవులు ముగియడానికి వారం ముందు నేను వార్డెనుకు ఒక కాగితం రాశాను. మూడో బ్లాకు పాయిఖానాలు వాసన కొడుతున్నాయి, పిల్లలు వచ్చేలోపు కడిగించగలరు అని. ఎన్ని గదులో కూడా రాశాను. దేనితో కడగాలో రాయలేదు. మంగళవారం మధ్యాహ్నం మూడో బ్లాకే కాదు, అన్ని బ్లాకులూ కడిగించారు. బ్లీచింగు, యాసిడ్, ఫినాయిల్, ఉన్నదంతా ఒక్క పూటలో పోశారు. ఆ పూట నేను మోటారు రిపేరు కోసం మండలానికి పోయాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. తొట్టి చూడలేదు.

బుధవారం ఆరు ఇరవైకి నురగ చూసినప్పుడే పురుగులను చంపే బ్లీచింగు వాసన కూడా తగిలింది. అప్పుడు చేయవలసింది ఒక్కటే. ఇరవై అడుగులు నడిచి బయటి పంపు ఆపడం. నేను గాజుపాత్ర తెచ్చుకున్నాను. ఆరు ఇరవై అయిదుకు నీళ్ళు పట్టి, గోడమీద పెట్టి, గడియారం ముందు కూర్చున్నాను. పంపు ఎప్పుడు ఆపినా రిజిస్టరులో కారణం రాయాలి, కారణం పక్కన అంకె ఉండాలి. అంకె లేకుండా నేను ఏదీ ఆపి ఎరుగను.

ఆరు యాభై అయిదుకు బురద తొంభై దగ్గర ఉంది. ముందురోజు రెండు వందల ఎనభై. పైనీళ్ళు తేటగా లేవు, బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. నమ్మబుద్ధి కాలేదు. నీళ్ళు సరైన లోతులో పట్టలేదేమో అనుకున్నాను. ఏడింటికి మళ్ళీ పట్టాను. ఏడున్నరకు ఎనభై అయిదు. పాత్రకు జిడ్డు ఉందేమోనని కడిగి, ఏడు ముప్పై అయిదుకు మూడోసారి పట్టాను. ఎనిమిదీ అయిదుకు ఎనభై అయిదు. అప్పుడు పంపు ఆపాను. ఈలోపల వాగు వైపు నుంచి బిందెల చప్పుడు వినిపించింది. ఏడింటికి వస్తారు రోజూ. విన్నాను, గడియారం చూశాను, రెండో కొలత ఇంకా ఇరవై నిమిషాలుందని అనుకున్నాను.

అక్కడినుంచి వార్డెను దగ్గరికి పోయాను. వయసులో నాకంటే చాలా చిన్నది. ఆ మధ్యాహ్నం పిల్లలు రానుండడంతో గాబరాగా ఉంది. నేను చెప్పేది వినకముందే నా కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మీరే కదమ్మా కడగమని రాసింది."

"అవ్ మేడం, నేనే రాసిన. గూడెపోళ్ళకు చెప్పి వస్తా, చెలమ నీళ్ళు తాగొద్దని."

"వద్దమ్మా. చెప్తే గొడవైతది. రెండు మూడు దినాల్ల సర్దుకుంటది గదా?"

"సర్దుకోదు. ఇరవై రోజులు పడతది. పిల్లలు వచ్చినంక తొట్లు మురుగును పందొమ్మిది గంటలే ఆపుతయి. రేపు మధ్యాహ్నానికి మళ్ళా వాగులోకి వదలాలె."

ఆమె నా కాగితం సొరుగులో పెట్టింది. సరే అనలేదు, వద్దని మళ్ళీ అననూ లేదు. నేను బయటికి వచ్చాను.

గూడెం నాలుగు వందల పది అడుగుల దూరం. పేడ తెచ్చే ఆమె పెంటకుప్ప దగ్గర ఎరువు తవ్వి గంపకెత్తుతోంది. విత్తనాల పండుగ దగ్గర పడింది, ఆలోపు చేలకు ఎరువు చేరాలి, అందరిదీ అదే పని.

"ఏందక్కా, గలాసు లేకుండ వచ్చినవ్?"

"ఇయ్యాల చెలమ నీళ్ళు తాగకుండ్రి అక్కా. నా తొట్టి చెడిపోయింది."

"పొద్దుగాల్నే తెచ్చుకున్నం గద."

"ఎన్ని బిందెలు?"

ఆమె పార నేలకు ఆనించి నా మొహం చూసింది.

"రాసుకుంటవా ఏంది?"

నిజం చెప్పాలంటే రాసుకోవడానికే అడిగాను. ఆమె ఇంటింటికీ కేకేసి అడిగింది. పదకొండు బిందెలు. అయిదు అప్పటికే వాడేశారు. ఆరు మా ముందే పారబోశారు.

"నీ గొట్టం నీళ్ళేనని మాకు ఎర్కలేదనుకున్నవా? తేటగ వస్తున్నయి, నువ్వు చూసుకుంటున్నవ్ అని ఊకున్నం. చెడ్డదని నీకెప్పుడు తెల్సింది?"

"ఆరు ఇరవైకి అనుమానం వచ్చింది. ఎనిమిదీ అయిదుకు తేలింది."

"అనుమానం వచ్చినప్పుడు కంచెకాడికి వచ్చి ఒక్క కేకేస్తే ఇనపడకపోదునా? గంటన్నర దాంక ఏం జేసినవ్?"

"కొలిచిన."

"ఎన్నిసార్లు?"

"మూడు."

ఆమె మళ్ళీ పార అందుకుంది.

ఆ సాయంత్రానికి ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె మనవరాలు, ఆరేళ్ళది, రెండు రాత్రులు దవాఖానాలో గ్లూకోజు సీసా కింద పడుకుంది. శుక్రవారం ఇంటికి వచ్చింది. డాక్టరు నీళ్ళ వల్లనన్నాడు, ఏ నీళ్ళో అనలేదు. ఆ నీళ్ళ వల్లనే అని నేను నిరూపించలేను. కాదని కూడా నిరూపించలేను. బురద తొంభై దాటలేదని మాత్రం మూడుసార్లు నిరూపించాను.

ప్లాంటు తిరిగి బతకడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. పండుగ అయ్యేదాకా గూడెం నుంచి ఎవరూ పేడ ఇవ్వలేదు, అది వాళ్ళ చేలకే చాలదు. పండుగ తర్వాత రోజుకు రెండు గంపలు వచ్చేవి, పాత లెక్కే. ఆమె వాటిని గేటు బయట దించి, ఇనుప కడ్డీ మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయేది. నేను గేటు తీసేసరికి దారి మలుపులో ఉండేది. పిలవాలనుకున్న రోజులున్నాయి. ఏమని పిలవాలో తేలక, గంపలు లోపలికి మోసుకుని పనిలో పడేదాన్ని. రెండేళ్ళ తర్వాత ఉద్యోగం విరమించాను. వెళ్ళే ముందు గూడేనికి పోయాను. ఆమె చేనులో ఉందన్నారు. బస్సుకు నలభై నిమిషాలే ఉంది, చేను దాకా పోలేదు.

ఆ రోజు రిజిస్టరులో నేను రాసింది ఒక్క వాక్యం. ఉదయం 8:05కు బయటి పంపు ఆపడమైనది, కొలత 85. మిగతాది రాసే గడి అందులో లేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

చచ్చిన పురుగులు, అరవై వేల లీటర్ల తొట్టి మొత్తం. వాటికి పెట్టిన మేత, తొంభై నాలుగు గంపల పేడ, డెబ్బైన్నర కిలోల బెల్లం. పంపు గంటకు మూడు వేల లీటర్లు తోడుతుంది. అనుమానం వచ్చాక కూడా నేను వాగులోకి వదిలినవి అయిదు వేల రెండు వందల యాభై లీటర్లు. గొట్టం కింది మడుగులో చచ్చి తేలిన చేపపిల్లలు, లెక్కపెట్టగలిగినంత వరకు, నూట పన్నెండు. పారబోసిన బిందెలు ఆరు, వాడేసినవి అయిదు. జబ్బు పడ్డ పిల్లలు ముగ్గురు. వాళ్ళే పూడ్చేసుకున్న చెలమలు నాలుగు, మళ్ళీ తవ్వలేదు. బోరింగు దాకా నడక, ఒక్కో బిందెకు పోనూ రానూ పద్దెనిమిది వందల అడుగులు ఎక్కువ. బెంచీ మీద కూర్చుని మాట్లాడే మనిషి, ఒకరు.