షంషుద్దీన్ మాస్టారు చెప్పని పాఠం

తెనాలిలో సగం ఊరికి క్లచ్చు, బ్రేకు నేర్పింది షంషుద్దీన్ మాస్టారే. ముప్పై ఏళ్లుగా అదే డ్రైవింగ్ స్కూలు, అవే తిట్లు. "గేరు రాడ్డమ్మా అది, రోకలిబండ కాదు!" అని నన్నే ఎన్నిసార్లు అన్నారో! తన దగ్గర నేర్చుకున్నవాళ్ల మీద ఒక్క కేసూ లేదని ఆయనకు మహా గొప్ప.

ఆ గొప్పకు గండి కొట్టిన ఘనుడు మా తమ్ముడు ప్రణీత్. ఒకటో తారీఖున అంబులెన్సు డ్రైవరుగా చేరాల్సినవాడు, చెరుకుపల్లిలో స్నేహితుడి పొలానికి వెళ్లి, పొద్దున్నే దింపిన కల్లు రెండు ముంతలు పట్టించి, కారేసుకుని బయల్దేరాడు. దారిలో పోలీసులు మిషన్‌లో ఊదమన్నారు. దర్జాగా ఊదాడట! దొరికిపోయాడు.

"కల్లు మందెలా అవుద్ది మేడమ్? చెట్టు నుంచి వచ్చిందేగా!" అని ఎస్సైతో వాదన కూడాను. వెధవ!

ఆ ఎస్సై బిందు కూడా మాస్టారి శిష్యురాలే. అందుకే పరుగున వెళ్లి ఆయన కాళ్లావేళ్లా పడ్డాను.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. లైసెన్సు పోతే వాడి ఉద్యోగం పోద్దండి."

ఆయన స్టేషనుకైతే వచ్చారు. వచ్చి ఏమన్నారు? "వదలొద్దమ్మా బిందూ. రేపు వీడి బండిలో రోగి ఉంటాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. కోర్టు జరిమానా వేసింది. రెండు రోజులు బస్టాండు సెంటర్లో బ్యానర్ పట్టుకుని నిలబడమంది. లైసెన్సు ఆరు నెలలు సస్పెండ్ అయింది. అంబులెన్సు వాళ్లు వేరేవాణ్ణి తీసుకున్నారు. ఇంట్లో ఎవరైనా మాస్టారి పేరెత్తితే చాలు, కస్సుమని లేచేదాన్ని.

మొదటి రోజు మధ్యాహ్నం వాడికి క్యారేజీ పట్టుకెళ్లాను. 'తాగి బండి నడపకండి' అన్న బ్యానర్‌కు ఒక కొస ప్రణీత్ చేతిలో ఉంది. స్తంభానికి కట్టిన రెండో కొస విప్పి పట్టుకుని, మండుటెండలో మాస్టారు నిలబడి ఉన్నారు.

"మీరెందుకండి ఇక్కడ?"

"నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదమ్మా. కల్లు తాగినా కేసేనని ముప్పై ఏళ్లలో ఒక్కళ్లకీ చెప్పాలని తోచలేదు. సగం తప్పు నాదే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది. ప్రణీత్ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి కాస్త దించాడు.

"నీ వైపు వంగిందిరా," అన్నారు మాస్టారు, పక్క సీట్లోంచి పాఠం చెప్పే గొంతుతోనే. "పైకెత్తు."