సగం పిలుపు

మొన్న కొరియర్ అతను వచ్చి, ఓటీపీ చెప్పించుకుని, ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టి వెళ్లాడు. పంపింది హైదరాబాదులో ఉంటున్న మా తమ్ముడు. మా అమ్మాయి ఓణీల పండగకి మేనమామగా వాడు పెట్టాల్సిన లంగా, ఓణీ అందులో ఉన్నాయి. కవరు కత్తిరించగానే గుప్పుమని కొత్త ప్లాస్టిక్ వాసన కొట్టింది. కవరు మంచం మీద పడేసి, బీరువా అడుగు అరలోంచి నా ఓణీ తీశాను. లేత వంకాయరంగు చీరాల నేత. కలరా ఉండల ఘాటు కింద, గంజి కింద, ఇన్నేళ్లయినా సన్నగా తవుడు వాసన వేస్తుంది. వేరేవాళ్లకి తెలియదేమోగానీ నాకు తెలుస్తుంది.

ఆ తవుడు మా మామయ్యది. మామయ్య అమ్మకి తమ్ముడు, రేపల్లెలో రైసుమిల్లులో పనిచేసేవాడు. వేసవి సెలవులివ్వగానే తెనాలిలో ప్యాసింజరు ఎక్కి, కిటికీ దగ్గర చోటు కోసం కొట్టుకుని, వేమూరు దాటాక అమ్మ కట్టిచ్చిన పులిహోర తిని, పట్టాలు అయిపోయే ఊళ్లో దిగేవాళ్లం. మామయ్య మిల్లు నుంచి అలాగే వచ్చేసేవాడు, కనుబొమల మీద కూడా తవుడుతో. నన్ను భుజాన ఎక్కించుకుంటే ఆ పొడి నా లంగాకి అంటుకునేది. పొద్దున్నే తాటిముంజలు, మధ్యాహ్నం తలుపులు మూసి గచ్చు మీద నీళ్లు చల్లుకుని అష్టాచెమ్మా, సాయంత్రం అత్తయ్య జడలో దండగా కట్టి పెట్టే మరువం, కనకాంబరాలు. గవ్వలు వేసేటప్పుడు మామయ్య దొంగాట ఆడేవాడు, నేను గెలవడానికి. "నీ ఓణీ నేనే తేవాలి. చీరాలలో చెప్పి నేయిస్తా, చూడు" అనేవాడు. ఆ మాట నేను ప్రతి వేసవిలోనూ ఒకసారి ఆయన చేత అనిపించుకునేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. ఆషాఢం రాకముందే పండగ చేసెయ్యాలని ముహూర్తం పెట్టారు. మా నాన్నకి తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. పిలుపుల కోసం రేపల్లె వెళ్లిన ఆయన, బస్టాండు దగ్గర మామయ్య ఎదురుపడితే, స్కూటరు దిగకుండానే కార్డు చేతిలో పెట్టి వచ్చేశాడు. ఇల్లు అక్కడికి రెండు వీధులు. ఆడపిల్ల వేడుకకి మేనమామ ఇంటికెళ్లి, బొట్టుపెట్టి, ఇంటిల్లిపాదినీ రమ్మని పిలవాలి. ఇది తెలియనంత చిన్నవాడు కాదు మా నాన్న.

కబురు బాపట్ల పెద్దమ్మ మోసుకొచ్చింది. పండగ ముందురోజు సంచి ఇంకా దించకుండానే అమ్మతో చెప్పింది. "నడిరోడ్డు మీద పిలిస్తే వచ్చేస్తామా, మా గుమ్మం ఏం పాపం చేసింది అంటందే మరదలు. వాడు రాడు."

అమ్మ పప్పు రుబ్బుతూ ఉంది. పొత్రం ఆగలేదు. నాన్న వసారాలోంచి విన్నాడు. "రాకపోతే మానె. వాడు లేకపోతే ఆగుద్దా ఏంటి?"

మర్నాడు పొద్దున పందిరి కింద పీట వేశారు. వీధిలో వంటవాళ్ల పొయ్యిలు, గుత్తివంకాయ తాలింపు, సన్నాయి, ఉక్కపోత. ఆడవాళ్లందరూ విసనకర్రలు విసురుకుంటూ గుమ్మం వైపే చూస్తున్నారు. ఓణీ తెచ్చే మనిషి ఇంకా రాలేదని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వర్జ్యం వస్తోందని పంతులుగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. అప్పుడు నానమ్మ, పెద్దమ్మతో వచ్చిన ఒకాయన్ని, అమ్మకి వరసకి తమ్ముడయ్యే ఆయన్ని, ముందుకు తోసింది.

"మేనమామ వరసేగా. ఎవరైతే ఏంటి, కానివ్వండి."

"మా మామయ్య రాందే నేను పీట మీద కూర్చోను" అన్నాను.

"నిన్నగాక మొన్న వయసొచ్చింది, అప్పుడే నోరు కూడా వచ్చిందేంటే నీకు!" అంది నానమ్మ. ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

నాన్న నవ్వలేదు. "కూర్చో" అన్నాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆయన రెండోసారి అనేలోపల అమ్మ దేవుడి గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో కుంకుమ భరణి ఉంది. తమ్ముడికి అప్పుడు అయిదేళ్లు ఉంటాయేమో, వాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుంది.

"గుమ్మం దాటావంటే..." అన్నాడు నాన్న.

అమ్మ ఆయనకి ఎదురు చెప్పడం నేనంతకుముందు వినలేదు. "మీ పిలుపు సగమే అయిందండి. మిగతా సగం నేను పిలిచొస్తా" అంది, గట్టిగా కూడా కాదు.

పట్టులంగాతో, నిండా పూలతో రిక్షాలో స్టేషనుకి వెళ్లాను. అమ్మ చెయ్యి చల్లగా ఉంది. తిరిగొస్తే ఇంట్లోకి రానిస్తారో లేదో ఆమెకి తెలియదు. అవతల రేపల్లెలో మామయ్య తలుపు తీస్తాడో లేదో కూడా తెలియదు. నేను కూర్చుని ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని ఒక్క క్షణం అనిపించింది. అయినా తప్పు నాది కాదు. అప్పుడూ అదే అనుకున్నాను.

రేపల్లె దాకా వెళ్లనే అక్కర్లేకపోయింది. మా తెనాలి స్టేషన్లోనే, రేపల్లె బళ్లు ఆగే ప్లాట్‌ఫారం చివర, కుళాయి పక్క రాతిబల్ల మీద, ఒళ్లో సంచితో మామయ్య కూర్చుని ఉన్నాడు.

అమ్మ ఆయన ఎదురుగా నిలబడింది. "ఇక్కడేం చేస్తున్నావురా?"

"రేపల్లె బండికి చూస్తన్నానక్కా."

"అది ఇందాకే పోయిందిగా?"

"పోయింది."

"దాని ముందుదో?"

"అదీ పోయింది."

రావడానికి పిలుపు లేదు, తిరిగి వెళ్లడానికి కాళ్లు రాలేదు. సంచిలో వంకాయరంగు ఓణీ, దాని కింద టిఫిన్ డబ్బా నిండా చిమ్మిలి. నువ్వులూ బెల్లమూ దంచి ఆ చిమ్మిలి చేసిపెట్టింది, మా గుమ్మం ఏం పాపం చేసిందన్న ఆ అత్తయ్యే.

అమ్మ భరణి మూత తీసి ఆయన నుదుట బొట్టు పెట్టింది. "మా అమ్మాయి ఓణీల పండగ. మీరంతా రావాలి" అంది, ఎవరినో పరాయివాళ్లని పిలిచినట్టు. మామయ్య చుట్టూ చూశాడు. "రోడ్డు మీద పిలిచారని అలిగితే, స్టేషన్లో పిలుస్తన్నావా అక్కా?"

"రైలు పెట్టెక్కి పిలవమంటావా?" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. అమ్మ కొంగు మాత్రం కళ్ల మీద ఉంది. మా తమ్ముడు ఈలోగా డబ్బా తెరిచి చిమ్మిలి తినేస్తున్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు. మామయ్య వచ్చాడు, నా భుజాన ఓణీ వేశాడు, నోట్లో చిమ్మిలి పెట్టాడు, అక్షింతలు వేశాడు. నాన్న పందిరి గుంజ దగ్గర మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. అమ్మ విస్తరి వేసి వడ్డించింది. "బండి టైమైందక్కా" అని మామయ్య మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. భోంచేసి వెళ్లు అని నాన్న ఒక్క మాట అంటే కూర్చునేవాడు. అనలేదు. వడ్డించిన ఆ విస్తరిని అమ్మే మడిచి తీసింది. ఆ పూట ఆమె కూడా తినలేదు.

ఏళ్ల తర్వాత మామయ్య పెద్దకర్మకి నాన్న పిలవకుండానే రేపల్లె వెళ్లాడు. విస్తరి ముందు కూర్చున్నాడు, అన్నం కలిపాడు, ముద్ద నోటిదాకా వెళ్లలేదు. అత్తయ్య మజ్జిగ గిన్నెతో వచ్చి, "తినండన్నయ్యా" అంది. నేను ఎదురు వరసలో కూర్చుని చూశాను. జాలిపడలేదు. తర్వాత ఒకసారి అడిగాను కూడా, ఆ రోజు ఒక్క మాట అంటే ఏం పోయేది నాన్నా అని. పేపరు తిరగేశాడు. ఇప్పుడు ఆయనా లేడు, అమ్మా లేదు.

కవరు వచ్చిన సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అందిందా అక్కా? ఆ టైముకి వీడియో కాల్ పెట్టు. అక్షింతలు నా తరఫున మీరే వేసెయ్యండి."

"వాట్సాప్‌లో కార్డు పెట్టానని కోపం వచ్చిందేంట్రా?"

"ఛ, దానికెందుకక్కా కోపం? నిజంగానే లీవు లేదు."

గొంతులో ఎక్కడైనా అలక ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. లేదు. స్టేషను సంగతి గుర్తుందా అంటే, "చిమ్మిలి ఒక్కటే గుర్తుంది" అన్నాడు. ఉంటే బాగుండేది, ఆ కోపం. వెళ్లి బతిమాలుకోవడం నాకు తెలుసు. కోపమే లేనివాణ్ణి ఏమని బతిమాలాలో తెలియడం లేదు. అయినా వెళ్తున్నాను. ఆ కవరూ, అమ్మ భరణీ రెండూ సంచిలో పెట్టాను. కవరు వాడి చేతికే తిరిగిచ్చి, బొట్టు పెట్టి, నువ్వే పట్టుకురా అంటాను.

హైదరాబాదుకి టికెట్ తీసుకోవడానికి నిన్న తెనాలి స్టేషనుకి వెళ్లాను. తీసుకున్నాక రేపల్లె ప్లాట్‌ఫారం వైపు నడిచాను. కుళాయి లేదు. రాతిబల్ల తీసేసి వరసగా ఇనుప కుర్చీలు వేశారు. నిండా జనం, అందరి కళ్లూ ఫోన్లలో. బండి వచ్చింది, ఎక్కారు, కదిలింది. చివరి పెట్టె కూడా కనబడకుండా పోయేదాకా నిలబడి, వెనక్కి తిరిగి చూశాను. కుర్చీల్లో ఎవరూ మిగల్లేదు.